అంతా క్షేమం అన్న మూట

ఆ సెలవురోజు పొద్దున మేస్త్రీ పెట్టుకున్న పనులు రెండే రెండు. కాఫీ చల్లారేలోపు ఒక విమర్శకు రెండు వాక్యాల జవాబు రాసి పడేయడం, తాగాక కింద క్లినిక్ తలుపు బందులకు నూనె పెట్టడం. రెండో పని భార్య చెప్పి చాలా కాలమైంది. ఆ తలుపు తెరిచినప్పుడల్లా కిర్రుమని అరిచేది. పళ్ళ డాక్టరు దగ్గరికి అసలే భయపడుతూ వచ్చినవాళ్ళు, ఆ చప్పుడు లోపలి గదిలో ఎవరి నోట్లోంచో వచ్చిందనుకుని అటునుంచి అటే తిరిగి వెళ్ళిన సందర్భాలున్నాయి. భార్య మొదటిసారి ఆ సంగతి చెప్పినప్పుడు మేస్త్రీ తలుపును తీసి, వేసి, మళ్ళీ తీసి, చివరికి తేల్చాడు.

"తలుపులో తప్పేం లేదు. మీరంతా తీసే పద్ధతే సరిగ్గా లేదు."

విమర్శ ఎటునుంచి వచ్చినా అతను ఇచ్చే జవాబు ఇంచుమించు ఇదే.

మేస్త్రీ అన్నది ఊరికే వచ్చిన పేరు. అతను ఇటుక మీద ఇటుక పెట్టింది ఎన్నడూ లేదు. ఒక ప్రోగ్రామింగ్ భాషకు ప్యాకేజీ మేనేజర్ కట్టి, దానికి 'మూట' అని పేరు పెట్టి, ఏళ్ళ తరబడి కంటికి రెప్పలా కాపాడుకొస్తున్నందుకు ఆ భాష వాడేవాళ్ళు అలా పిలవడం మొదలుపెట్టారు. అదే ఇంట్లోనూ స్థిరపడింది. మూట అంటే ఏమిటో అత్తగారికి అర్థమయ్యేలా చెప్పాలని అతను చాలా తంటాలు పడ్డాడు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు అన్నీ మొదటినుంచీ తామే రాసుకోరు. తేదీలు లెక్కపెట్టే ముక్క ఎవరో రాసి పెట్టి ఉంటారు, బొమ్మలు చూపించే ముక్క ఇంకెవరో రాసి ఉంటారు. కావలసిన ముక్క పేరు చెబితే చాలు, దాన్నీ, అది బతకడానికి కావలసిన మిగతా ముక్కల్నీ వెతికి తెచ్చి మన కంప్యూటర్లో సర్దిపెట్టేదే మూట. అత్తగారు అంతా శ్రద్ధగా విని, "మా అల్లుడు ప్యాకేజీల మేనేజరు" అని వీధంతా చెప్పింది. అప్పట్నుంచి ఇల్లు మారేవాళ్ళు అట్టపెట్టెల కోసం వీళ్ళ గుమ్మం ఎక్కుతున్నారు.

మూటలో మేస్త్రీకి అన్నిటికన్నా ముద్దొచ్చేది దాని చివరి మాట. చెప్పిన పని ముగించగానే అది ఆకుపచ్చ అక్షరాలతో "అంతా క్షేమం!" అంటుంది. ఆ మాట అతను స్వయంగా ఎంచి పెట్టిందే.

ఇప్పుడు వచ్చిన విమర్శ సరిగ్గా దానిమీదే. 'ముక్కుసూటి' అనే మారుపేరుతో ఎవరో మూట సైటులో అందరూ చూసేచోట ఇలా రాశారు: "మూటను అక్షరాలకు రంగు వేసే చిన్న ముక్క ఒకటి అడిగాను. తెచ్చింది. దాని చుట్టాల్ని తెచ్చింది. చుట్టాల చుట్టాల్ని తెచ్చింది. వచ్చినవాళ్ళు ఓ మూల కూర్చోకుండా, నా ఇంట్లో ఎప్పట్నుంచో ఉన్నవాళ్ళని లేపి వాళ్ళ మంచాల మీద పడుకున్నారు. నా ప్రోగ్రాం కాస్తా చచ్చింది. అప్పుడు మూట 'అంతా క్షేమం!' అంది. దీన్ని రాసినవాళ్ళు సొంత కంప్యూటర్లో కాకుండా, మామూలు మనుషుల కంప్యూటర్లో ఒక్కసారి వాడి చూడాలని మనవి."

దాన్ని చదివి మెచ్చుకున్నవాళ్ళు బోలెడంతమంది. అంతకుముందు రోజు సాయంత్రం, ఆ భాషను పుట్టించిన పెద్దాయనే స్వయంగా మేస్త్రీకి ఫోన్ చేశాడు.

"ఇదిగో చూడు, రెండే వాక్యాలు. 'చెప్పినందుకు సంతోషం, చూస్తాం.' అంతే రాయి. రేపు మధ్యాహ్నం మన భాష బాగోగులు చూసే సంఘం కూర్చుంటోంది. భాషతోపాటు మూటనే ఇద్దామా, మానేసి ఆ కుర్రవాళ్ళ 'సంచి'ని తీసుకుందామా అని ఓటు పెడుతున్నారు."

"సంచా! దానికి అడుగే లేదండీ!"

"ఉండనీవయ్యా. సగంమందికి నీ మూట మీద కోపం లేదు. నీ జవాబుల మీద కోపం."

"నా జవాబుల్లో తప్పేముందండీ? అన్నీ నిజాలే కదా."

"అదేనయ్యా గొడవ," అని పెద్దాయన ఫోన్ పెట్టేశాడు.

మూట మేస్త్రీకి జీతం ఇచ్చే పని కాదు. ఉద్యోగం చేసుకుంటూ, మిగిలిన పొద్దంతా ధారపోసి పెంచిన పని. అది పోతే తన పేరులో మేస్త్రీ కూడా పోతుంది. అందుకని పొద్దున్నే బుద్ధిగా కూర్చుని, పెద్దాయన చెప్పినట్టే "చెప్పినందుకు సంతోషం" అని మొదలుపెట్టాడు. తర్వాత "అయితే" అని రాశాడు. ఆ అయితే దగ్గర చెయ్యి ఆగి ఉంటే మనకీ కథ ఉండేది కాదు.

అయితే తర్వాత జవాబు కాలువకు గండి పడ్డట్టు పారింది. తమరికి మూట వాడటం తెలియదని రాశాడు. మూట ఏది మార్చే ముందైనా మార్చబోయేవన్నీ చూపించి 'సరేనా?' అని అడుగుతుందని, చదవకుండా సరే అనేవాళ్ళకు మందు లేదని రాశాడు. చుట్టాలు లేకుండా బతికేది రాయి ఒక్కటేనని రాశాడు. అది తనకే బాగా నచ్చి మళ్ళీ చదువుకున్నాడు. చివర్లో, "తమరి కోరిక ప్రకారం ఒక మామూలు మనిషి కంప్యూటర్లో, తమరు చెప్పిన ముక్కనే అడిగి చూశాను. ఏమీ కాలేదు" అని ముగించాడు.

మేస్త్రీలో ఎన్ని లోపాలున్నా అబద్ధం రాసే అలవాటు మాత్రం లేదు. రాసేసిన వాక్యాన్ని నిజం చేయడానికి మెట్లు దిగి కిందికి వెళ్ళాడు.

కింద వరండా పక్క గదుల్లో భార్య క్లినిక్. ముందు గదిలో బల్ల, బల్ల మీద కంప్యూటర్, గోడవారగా కుర్చీలు. వెనక గదిలో పెద్ద కుర్చీ, దీపం, పనిముట్లు. క్లినిక్ పెట్టిన కొత్తలో భార్యకు కానుకగా మేస్త్రీ తన భాషలోనే రెండు ప్రోగ్రాములు రాసిచ్చాడు. ఒకటి అపాయింట్‌మెంట్లు చూసుకుంటుంది. క్లినిక్ తెరిచే వేళకు, ఆరోజు రావలసినవాళ్ళకు దానంతటదే ఫోన్లో కబురు పంపుతుంది. రెండోది పళ్ళ ఎక్స్‌రేలు చూపిస్తుంది. భార్య కానుక పుచ్చుకుని ఒకే ఒక్క షరతు పెట్టింది. ఇక ఆ కంప్యూటర్ జోలికి అతను రాకూడదు. ఆమె అప్పుడు మేడమీద స్నానం చేస్తోంది.

బల్ల ముందు కూర్చుని, ముందుగా మూట సైటు తెరిచి, పైన రాసిన జవాబును ఇక్కడికి రప్పించుకున్నాడు. పరీక్ష కాగానే ఇక్కణ్ణుంచే పంపేద్దామని ఆలోచన. ఆ తర్వాత మూటను పిలిచి 'రంగు' అనే ముక్కను అడిగాడు. మార్చబోయేవాటి పేర్లు తెర మీద కిందికి, ఇంకా కిందికి పారి, ఆఖరున "సరేనా?" అని నిలబడ్డాయి. అది చదవాల్సింది కొత్తవాళ్ళు. ఆ ప్రశ్న రాసినవాడే చదువుతూ కూర్చోవడం ఏం బాగుంటుంది? మేస్త్రీ సరే కొట్టాడు.

"అంతా క్షేమం!" అంది మూట.

మేస్త్రీ ఛాతీ ఒక అంగుళం పెరిగింది. జవాబులో 'తమరు' అన్నమాట ఇంకొక్కచోట పడితే బాగుంటుందనిపించి, కాఫీ తాగి వచ్చి పంపుదామని తెరను అలాగే వదిలి మేడెక్కాడు.

లోపల జరిగిందేమిటంటే, రంగు తన చుట్టాలతో దిగింది. ఆ చుట్టాల్లో ఒకరికి తేదీలు లెక్కపెట్టే 'తారీఖు' అనే ముక్క కొత్తది కావాల్సి వచ్చింది. మూట క్లినిక్‌లో ఉన్న పాత తారీఖును లేపేసి కొత్తదాన్ని కూర్చోబెట్టింది. కొత్త తారీఖు మహా మొహమాటస్తురాలు. పాత పద్ధతిలో రాసిన తేదీ ఎదురైతే, అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడి, "ఈరోజు" అనేస్తుంది. అపాయింట్‌మెంట్లన్నీ పాత పద్ధతిలో రాసినవే. క్లినిక్ పుట్టినప్పటినుంచీ అక్కడ నోరు తెరిచిన ప్రతి మనిషికీ ఆ పొద్దున ఒకే కబురు వెళ్ళింది: "ఈరోజు మీకు అపాయింట్‌మెంట్ ఉంది. దయచేసి ఆలస్యం చేయకండి."

తలుపు కిర్రుమంది.

బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి సెలవు పెట్టడంతో ఆరోజు అత్తగారు కూర్చుంది. మొదట వచ్చింది సంగీతం మాస్టారు. ఆయనకు నిజంగానే అపాయింట్‌మెంట్ ఉంది, బుగ్గ బూరెలా వాచి ఉంది. ఆయన్ని డాక్టరమ్మ లోపలికి తీసుకెళ్ళింది. ఆ వెనకే తలుపు మళ్ళీ కిర్రుమంది. తర్వాత ఆ చప్పుడుకు విరామం లేకుండా పోయింది.

రిటైరైన జడ్జిగారు చేతికర్రతో వచ్చి, "ఏ కారణంగా పిలిపించారో కబురులో రాయలేదేమిటి?" అని నిలదీశారు. ఎప్పుడో కట్టించుకున్న పళ్ళసెట్టును ఒకావిడ డబ్బాలో పెట్టుకుని వచ్చింది. లెక్కల టీచరమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని మూలన కూర్చుంది. ఆవిడ చాలా కాలంగా ఎదురు వీధి డాక్టరు దగ్గరికి మారిపోయింది, ఆ సంగతి వీళ్ళకి తెలిసిపోయిందేమోనని ఆవిడ భయం. ఒక బస్సు డ్రైవరు గుమ్మంలోంచే తల లోపలికి పెట్టాడు.

"అమ్మా, బస్సు బయట ఆపాను. జనం ఎక్కి ఉన్నారు. కొంచెం ముందుగా చూసేస్తారా?"

కుర్చీలు నిండిపోయాయి. అత్తగారు మేడమీది భోజనాల బల్ల చుట్టూ ఉన్న కుర్చీలు, స్నానాల గదిలోని పీట కూడా దింపించింది. వచ్చినవాళ్ళందరికీ మంచినీళ్ళిచ్చింది, అందరినీ పలకరించింది. జనాన్ని చూసి ఆమెకు కూతురి హస్తవాసి మీద గర్వం పొంగుకొచ్చింది. అంతలో నల్లచొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి వచ్చి, బల్ల ముందు వినయంగా నిలబడ్డాడు.

"మా నాన్నగారికి ఇవాళ రమ్మని కబురొచ్చిందండీ."

"అలాగే నాయనా. ఆయనేరీ?"

"ఆయన పోయి రెండేళ్ళయిందండీ. ఆయన బదులు నేను రావచ్చా అని అడుగుదామని..."

అత్తగారు ముక్కున వేలేసుకుని, మేడ వైపు తిరిగి గొంతెత్తింది. "బాబూ! ఒకసారి కిందికి రండి! మన కంప్యూటర్ పోయినవాళ్ళని కూడా పిలుస్తోంది!"

ఆ 'తమరు' ఎక్కడ పెట్టాలా అన్న ఆలోచనలో కాఫీ మరిచిపోయిన మేస్త్రీ దిగి వచ్చి ముందు గదిని చూశాడు. జనం మధ్యలోంచి బల్ల దాకా జరిగి, అపాయింట్‌మెంట్ల తెర చూశాడు. అన్నిటికీ ఒకటే తేదీ. రోగం ఏమిటో అతనికి క్షణంలో తెలిసిపోయింది. రోగం తెచ్చింది ఎవరో కూడా.

వెనక గది తలుపు తెరుచుకుని భార్య తొంగి చూసింది. ఆ ఇంట్లో ఒక లెక్క ఉంది. మామూలప్పుడు ఆమె అతన్ని నువ్వు అంటుంది. కోపం వస్తే మీరు అంటుంది. అక్కడినుంచి ఇంకొక్క మెట్టు ఉంది గానీ, పెళ్ళయ్యాక దాన్ని ఎక్కింది ఒకే ఒక్కసారి.

"ఏంటిది? ఇంతమంది ఎవరు?" అంది భార్య. తర్వాత ఆమె చూపు మేస్త్రీ మీదినుంచి కంప్యూటర్ మీదికి, మళ్ళీ మేస్త్రీ మీదికి వచ్చింది. "మీరు దాన్ని ముట్టుకున్నారా?"

"చిన్న పరీక్ష... ఇప్పుడే వెనక్కి తిప్పేస్తాను. నిమిషం పట్టదు."

"లోపల మాస్టారు నోరు తెరుచుకుని ఉన్నారు. నిమిషంలో అవ్వాలి," అని తలుపు వేసుకుంది.

మేస్త్రీ మూటను పిలిచి, కొత్త తారీఖును తీసేయమన్నాడు. మూట మర్యాదగా, తారీఖును తీయాలంటే దాన్ని ఆనుకుని ఉన్నవాటిని కూడా తీయాలి అని చెప్పి పేర్లు చదవసాగింది. వెనకనుంచి జడ్జిగారు చేతికర్రతో నేల మీద కొడుతున్నారు. బయట బస్సులోవాళ్ళు హారన్ మోగిస్తున్నారు. "సరేనా?" అంది మూట. ఆ స్థితిలో ఉన్న మనిషి ఎవడైనా ఏమంటాడో మేస్త్రీ అదే అన్నాడు.

తారీఖు పోయింది. దాన్ని ఆనుకుని ఉన్న అపాయింట్‌మెంట్ల ప్రోగ్రాం మొత్తం పోయింది. ఎక్స్‌రేలు చూపించే ప్రోగ్రాం కూడా, తీసిన తేదీ చూపించడానికి తారీఖునే వాడేది కాబట్టి, దాని వెంటే పోయింది. రంగు మాత్రం చెక్కుచెదరకుండా ఉంది.

"అంతా క్షేమం!" అంది మూట.

"ఏమండీ!" అని లోపలినుంచి కేక. "మాస్టారి ఎక్స్‌రే మాయమైందేంటి? ఏ పన్నో ఎలా చూడను?"

పైనున్న మేస్త్రీ కంప్యూటర్లో ఈ ప్రోగ్రాముల పాత నకళ్ళు ఉన్నాయి, ఇక అదొక్కటే దారి. పరుగెత్తబోతూ అత్తగారి వైపు తిరిగాడు.

"అత్తయ్యగారూ, మీరు ఇక్కడ కూర్చున్నప్పుడల్లా మెసేజుల సైటులోంచి పేషెంట్లకి మెసేజ్ పెడతారుగా. ఇప్పుడు అందరికీ ఒకటి పెట్టండి. పొరపాటు జరిగిందని, ఇవాళ రావద్దని."

"దానికేం బాబూ, పెట్టేస్తా. మీరు వెళ్ళండి."

అత్తగారు కళ్ళజోడు సవరించుకుని బల్ల ముందు కూర్చుంది. ఆమెకు తెలిసిన విద్య ఒకటే. తెర మీద తెల్ల పెట్టె ఉంటుంది, అందులో రాయాలి, కింద నీలం మీట నొక్కాలి. తెర మీద తెల్ల పెట్టె ఉంది. నీలం మీటా ఉంది. ఒక్క వేలితో, పెదాలు కదుపుకుంటూ రాసింది. రావద్దని మొహం మీద చెప్పినట్టు రాయడం ఏం మర్యాద అని జడ్జిగారు అడ్డుపడితే అది కూడా సవరించింది.

పైన మేస్త్రీ నకళ్ళు వెతికాడు, దొరికాయి. వాటిని కింది కంప్యూటర్లోకి ఎక్కించడం ఎలాగో తెలుసు. అయితే ఆ పనికి మళ్ళీ మూటనే పిలవాలి. మొదటిసారిగా అతనికి మూట అంటే భయం వేసింది. ఆ భయంలోనే ముక్కుసూటి రాసింది మళ్ళీ గుర్తొచ్చింది. నా ప్రోగ్రాం కాస్తా చచ్చింది. పొద్దున ఆ వాక్యం చదివినప్పుడు తప్పులు పట్టేవాడి సణుగుడులా వినిపించింది. ఇప్పుడు అదే మాట పక్క గదిలో మూలుగుతున్న మనిషి గొంతులా వినిపించింది. పాపం అతనూ ఎవరికో ఏదో రాసిచ్చి ఉంటాడు, ఎవరి ముందో ఇలాగే నిలబడి ఉంటాడు. మేస్త్రీకి సిగ్గేసింది. నిజంగానే, చెవులు వేడెక్కేంత సిగ్గు.

కిందికి వచ్చేసరికి జనం తగ్గలేదు సరికదా, కిర్రు కిర్రుమంటూ పెరుగుతూనే ఉన్నారు.

"అత్తయ్యగారూ, మెసేజ్ వెళ్ళలేదా?"

"ఎందుకు వెళ్ళదు బాబూ? 'పంపబడింది' అని కూడా వచ్చింది."

దాని గురించి ఆలోచించే వ్యవధి దొరకలేదు. వెనక గది తలుపు తెరుచుకుంది. భార్య చేతులకు తొడుగులున్నాయి, మొహం ప్రశాంతంగా ఉంది. ఆ ప్రశాంతత చూసి మేస్త్రీ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"తమరు ఒకసారి లోపలికి దయచేస్తారా?"

మూడో మెట్టు ఎక్కేసింది.

లోపల సంగీతం మాస్టారు పెద్ద కుర్చీలో కళ్ళు మూసుకుని, నొప్పికి సన్నగా మూలుగుతున్నారు. ఎక్స్‌రే లేదు కాబట్టి కళ్ళతోనే వెతకాలి. మీద ఉన్న దీపం వెలుగు ఆ వెనక పళ్ళ దాకా పోవడం లేదు.

"తమరు ఈ టార్చి పట్టుకుని, నేను చెప్పినచోట వెలుగు వేయండి. చెయ్యి కదపకుండా."

టార్చి పట్టుకున్నాడో లేదో జేబులో ఫోన్ మోగింది. పెద్దాయన. సంఘం కూర్చునే వేళయింది. ఈ ఫోన్ ఎత్తకపోతే మూట తరఫున మాట్లాడే మనిషి ఉండడు. ఓటు పడిపోతుంది. మేస్త్రీ రెండో చెయ్యి జేబు దాకా వెళ్ళింది. మాస్టారు కళ్ళు తెరిచి, నోట్లో దూది కుక్కి ఉన్నందువల్ల ఏమీ అనలేక, అతని వైపు చూశారు. పిల్లవాడు తల్లి వైపు చూసినట్టు చూశారు.

మేస్త్రీ ఫోన్ నోరు నొక్కేసి, రెండు చేతులతోనూ టార్చి పట్టుకున్నాడు.

"ఇంకొంచెం కుడికి," అంది భార్య. "ఆ, అక్కడే. దొరికింది. కదలకండి."

చాలాసేపు పట్టింది. ఆ సేపంతా మేస్త్రీ చెయ్యి కదల్లేదు. మాస్టారి పంటి చీము తీసి, ఆయన మూలుగు ఆగాక, భార్య ముందు గదిలోకి వెళ్ళి ఒక్కొక్కరికీ తనే క్షమాపణ చెప్పి పంపింది. కొందరిని పంపలేదు. లెక్కల టీచరమ్మ పన్ను ఒకటి బాగా పుచ్చి ఉంది, ఎదురు వీధి డాక్టరు చూసుకోలేదట. ఆ ఒక్క విషయంలో భార్య మొహం కాస్త వెలిగింది. బస్సులోవాళ్ళు నడిచి వెళ్ళిపోయారని తెలిసి, అయితే తొందరేం లేదంటూ డ్రైవరు తీరిగ్గా కూర్చున్నాడు.

మేస్త్రీ మళ్ళీ బల్ల ముందు కూర్చున్నాడు. ఈసారి మూట చెప్పిన ప్రతి పేరూ వేలుపెట్టి చదివాడు. చదువుతుంటే తెలిసింది, ఆ పేర్లు మనిషనేవాడు చదవలేనట్టుగా రాసి ఉన్నాయని. రాసింది తనే. ఎలాగో తిప్పలుపడి పాతవాటిని పాతచోట కూర్చోబెట్టాడు. ఎక్స్‌రేలు తిరిగొచ్చాయి. తేదీలు ఎవరివి వాళ్ళకొచ్చాయి. పోయినవాళ్ళు పోయినట్టే ఉండిపోయారు.

అప్పుడు ఫోన్ తీసి చూశాడు. పెద్దాయన చాలాసార్లు చేసి ఉన్నాడు. ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని తిరిగి ఫోన్ చేశాడు.

"అయిపోయిందాండీ?" అన్నాడు.

"అయిపోయింది. మూట ఉంటోంది."

మేస్త్రీ బల్ల అంచు పట్టుకున్నాడు. "ఎలా? నేను రాలేదుగా?"

"నువ్వు రాకపోవడం ఒక కారణం. అసలు కారణం మూట పేరున వచ్చిన జవాబు. ఏమయ్యా, ఇన్నేళ్ళకి ఎంత మాట రాయించావు! మా ఆవిడకి కూడా చదివి వినిపించాను."

మేస్త్రీకి ఏమీ అర్థం కాలేదు. తన జవాబు పంపనే లేదు. గబగబా మూట సైటు తెరిచాడు. ముక్కుసూటి విమర్శ కింద, మూట పేరు మీద, ఇలా ఉంది:

"అయ్యా, నమస్కారం. తప్పు మాదే, మీది కాదు. మీరేమీ పొరపాటు పడలేదు. పొరపాటు మా కంప్యూటర్‌ది, దాన్ని ముట్టుకున్న మా అల్లుడిది. అతను తెలివైనవాడే గానీ ఎదుటివాళ్ళు చెప్పేది చివరిదాకా వినడు. పొద్దున్నే మీకు శ్రమ కలిగించినందుకు మన్నించండి. ఒక్కొక్కటీ సరిచేసి మళ్ళీ కబురు చేస్తాం. అప్పటిదాకా విశ్రాంతి తీసుకోండి. నొప్పి ఉంటే మాత్రం ఆగకండి. వెంటనే రండి, చూస్తాం."

దాని కింద మెచ్చుకోళ్ళకు అంతు లేదు. ముక్కుసూటి జవాబు కూడా ఉంది: "మూట నుంచి చాలా జవాబులు చదివాను. తప్పు మాదే అన్న జవాబు చదవడం ఇదే మొదలు. నొప్పి ఉంది. వస్తున్నాను. సరిచేయడానికి నేనూ ఒక చెయ్యి వేస్తాను."

"అత్తయ్యగారూ," అన్నాడు మేస్త్రీ మెల్లగా, "ఈ పెట్టెలో ముందే ఒకటి రాసి ఉండాలి. పెద్దది."

"అవును బాబూ, ఏదో పెద్ద సోది ఉంది. మర్యాద లేకుండా ఉంది కూడా. చెరిపేశాను. పనికొచ్చేదా ఏంటి?"

మేస్త్రీ నోరు తెరిచాడు. చుట్టాలు లేకుండా బతికేది రాయి ఒక్కటే అన్న వాక్యం గుర్తొచ్చింది. నోరు మూశాడు.

"కాదండీ," అన్నాడు.

ఫోన్లో పెద్దాయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. "సంఘం ఒక షరతు పెట్టిందయ్యా. ఇకనుంచి విమర్శలకి జవాబులు నువ్వు రాయకూడదు. అది రాసినవాళ్ళే రాయాలి. ఒప్పుకుంటారేమో కనుక్కో."

మధ్యాహ్నం కాసేపు కునుకు తీశాక అయితే తనకు వీలేనని అత్తగారు చెప్పింది.

జనం వెళ్ళిపోయి, కుర్చీలు మేడెక్కాక, మేస్త్రీ నూనె సీసా తెచ్చి క్లినిక్ తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పై బందుకు, కింది బందుకు నూనె పెట్టి తలుపును తీశాడు, వేశాడు. చప్పుడు లేదు. నిజానికి తప్పంతా తలుపుదే. వెనక భార్య నిలబడి చూస్తోందని అతనికి తెలియదు.

"ఏమైంది తలుపుకి?" అంది ఆమె.

"తలుపుకేం కాలేదు. నువ్వు చెప్పినప్పుడు నేను వినలేదు, అంతే."

ఆమె తొడుగులు తీసి చెత్తబుట్టలో వేసింది.

"పొద్దున కాఫీ తాగావా నువ్వు?" అంది.

మేస్త్రీకి ఆ ఒక్క మాటతో ప్రాణం లేచి వచ్చింది. సంఘం ఓటు కూడా అంత సంతోషం ఇవ్వలేదు. కాఫీ తాగలేదు, పైన ఎప్పుడో చల్లారిపోయి ఉంది. ఇద్దరూ మేడెక్కారు.

ముక్కుసూటి వచ్చి చెయ్యి వేశాక మూట కొత్త కూర్పు వెలువడింది. ఇప్పుడది అడక్కుండా ఎవరినీ మంచం మీదినుంచి లేపదు. మార్చబోయేవాటి పేర్లు మనుషులు చదవగలిగేలా చెబుతుంది. ఆకుపచ్చ అక్షరాలు అలాగే ఉన్నాయి గానీ, పని ముగిశాక మూట ఇప్పుడు అంతా క్షేమం అనదు. "నొప్పి ఉంటే రండి" అంటుంది.